చందా పుస్తకం తెరిచే ముందు: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు వాడేవాళ్ల నుంచి డబ్బు రాబట్టే పద్ధతి

వినాయక చవితి పందిరికి చందా అడగడానికి వచ్చే కుర్రాళ్లను చూడండి. చేతిలో రసీదు పుస్తకం ఉంటుంది. పోయినేడు మీ ఇంట్లో ఎంత రాశారో పాత పేజీల్లో ఉంటుంది. ఈసారి విగ్రహం ఎన్నడుగులో, మైకుసెట్టు వాడు ఎంత అడిగాడో అడక్కుండానే చెప్తారు. అదే కుర్రాళ్లు తాము రాసి ఊరికే పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి రీడ్‌మీ అనే పరిచయ ఫైలు అడుగున "నచ్చితే సాయం చేయండి" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. ఏడాదైనా రూపాయి రాదు. వాడేవాళ్లు పిసినారులని తేల్చేస్తారు. ఎంత కావాలో, ఎందుకు కావాలో, ఎలా పంపాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు మరి.

సొంత ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, అంటే కోడు అందరికీ తెరిచి పెట్టిన సాఫ్ట్‌వేర్ నడుపుతూ, కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో ఉంటున్నవాళ్ల కోసం ఇది. మాట నేలమీద నిలవడానికి ఒక ఊహా ప్రాజెక్టు పెట్టుకుందాం: పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ను ఏ ఫోన్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే చిన్న కన్వర్టర్. డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రిక మేటర్‌ను ఎత్తి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది కదా, దాన్ని సరిచేసే పనిముట్టు. మూడువేల మంది వాడుతున్నారనుకుందాం. సగం మంది డీటీపీ ఆపరేటర్లు, పత్రికా విలేకరులు. మిగతావాళ్లు ప్రోగ్రామర్లు, వాళ్లలో చాలామంది బెంగళూరు, హైదరాబాదు, అమెరికాల్లో ఉన్నారు. ఈ రెండు గుంపుల జేబులు వేరు, డబ్బు పంపే దారులూ వేరు.

చందా ఎంత బరువు మోస్తుంది

ఆశ ఎంత పెట్టుకోవాలో ముందే తేల్చుకోండి. ఇంటర్నెట్‌లో సగానికి తాళం వేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు 2014 దాకా ఏడాదికి వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు. ఆ ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడి ప్రపంచమంతా గగ్గోలెత్తాక, ఒక వారంలో వచ్చినవి దాదాపు 9,000 డాలర్లు. పెద్ద సొమ్ము ఆ తర్వాత కంపెనీల నుంచి వచ్చింది. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాంలు వాడుకునే లాగ్‌ఫోర్‌జేలో లోపం బయటపడ్డప్పుడు దాన్ని సాయంత్రాలు, సెలవు రోజుల్లో సరిచేస్తున్న మెయింటెయినర్లలో, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లలో, ఒకరికి కోడు పెట్టుకునే గిట్‌హబ్ సైటులో ఉన్న స్పాన్సర్లు ముగ్గురు. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగదారి దొరికింది. ఒంటరిగా లాక్కొస్తూ అలిసిపోయిన మెయింటెయినర్‌కు "సాయం చేస్తా"నంటూ దగ్గరై, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి మరీ దాన్ని పెట్టారు.

ఇంకో వైపు థండర్‌బర్డ్ ఉంది. ఈ మెయిల్ ప్రోగ్రాం ఇప్పుడు దాదాపుగా వాడేవాళ్ల విరాళాల మీదే బతుకుతోంది. 2022లో 64 లక్షల డాలర్లు వచ్చాయి. రోజూ తెరిచే మనిషికి ప్రోగ్రాం లోపలే, మర్యాదగా, లెక్క చూపిస్తూ అడిగారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎవరి కంటికీ కనబడదు, థండర్‌బర్డ్ రోజూ కళ్లెదుట ఉంటుంది. మీ ప్రాజెక్టు ఈ రెండింటిలో దేనికి దగ్గరో ముందు చూసుకోండి. కంటికి కనబడే పనిముట్టయితే వాడేవాళ్ల చందా పనిచేస్తుంది. ఇంకో ప్రోగ్రాం కడుపులో దాక్కునే లైబ్రరీ అయితే కంపెనీల దగ్గరికే పోవాలి, ఆ సంగతి కింద వస్తుంది.

మొదట కాగితం మీద లెక్క

కన్వర్టర్‌కు ఏడాది ఖర్చు రాద్దాం. డొమైన్ పేరు వెయ్యి రూపాయలు. చిన్న సర్వరు నెలకు 500 చొప్పున 6,000. ఇవి జేబులోంచి పోయేవి. ఆండ్రాయిడ్ యాప్ కూడా ఉంటే గూగుల్ ప్లే ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, ఐఫోన్‌కు కూడా పెట్టాలనుకుంటే యాపిల్‌కు ఏటా 99 డాలర్లు. మొదటి ఏడాది యాపిల్ జోలికి పోకపోవడం మంచిది.

తర్వాత మీ గంటలు. వారానికి ఆరు గంటలు, ఏడాదికి యాభై వారాలు, మొత్తం 300 గంటలు. గంటకు 400 వేసుకుంటే లక్షా ఇరవై వేలు. యాప్ పక్కన పెడితే డొమైన్, సర్వరుతో కలిపి 1,27,000.

రాబడి వైపు చూద్దాం. మూడువేల మందిలో నూటికి ఒక్కరు ఇస్తే ముప్ఫై మంది. తలా 516 రూపాయలు వేస్తే 15,480. అంటే డొమైన్, సర్వరు ఖర్చులు పోను 8,480 మిగులుతుంది, మీ 300 గంటల్లో ఇరవై ఒక్క గంటకు కూలి గిట్టింది. ఈ అంకెలు చూసి నీరుగారిపోనక్కర్లేదు. సర్వరు ఖర్చు జేబులోంచి పోకపోవడమే చాలామందికి పెద్ద ఊరట. కానీ ఉద్యోగం మానేసే ఆలోచన మాత్రం ఈ లెక్క మీద పెట్టుకోవద్దు.

ఈ కాగితాన్నే మూడు వరుసలుగా కుదించి వెబ్‌సైటులో పెట్టండి: "డొమైన్, సర్వరు: 7,000. కొత్త ఫాంట్ల మద్దతుకు అరవై గంటల పని: 24,000. ఇప్పటిదాకా వచ్చింది: ఇంత." అడిగే మొత్తం 31,000 అని తెలిస్తే ఇచ్చేవాడికి తన 516 ఎక్కడ పడుతుందో కనబడుతుంది.

ఊరి డబ్బు: యూపీఐ

డీటీపీ ఆపరేటర్‌కు గిట్‌హబ్ ఖాతా ఉండదు, ఫోన్‌పే ఉంటుంది. కాబట్టి మొదట తెరవాల్సిన తలుపు క్యూఆర్ కోడు. తేలికైన పనే, కానీ కాలు జారే చోట్లు చాలా ఉన్నాయి.

ముందుగా వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. జీతం పడే ఖాతాకు ఈ క్యూఆర్ కట్టొద్దు. అపరిచితుల నుంచి వచ్చే డబ్బులో ఒక్క చెల్లింపు ఎవరో మోసంతో కొట్టేసిన సొమ్మయినా, బాధితుడు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదిస్తే ఆ డబ్బు జాడ పట్టుకుని బ్యాంకులు వరసగా ఖాతాల్లో సొమ్ము ఆపేస్తాయి. ఒక్కోసారి ఆ 500 మాత్రమే ఆగుతుంది, ఒక్కోసారి ఖాతా మొత్తం. ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్న ఖాతాకు ఆ గతి పడితే పోలీసు స్టేషన్‌కూ బ్యాంకుకూ మధ్య తిరగడంలోనే నెల గడిచిపోతుంది.

రెండోది, యూపీఐ ఐడీ. యాప్ తనంతట తాను ఇచ్చే ఐడీలో చాలాసార్లు మీ ఫోన్ నంబరే ఉంటుంది. దాన్ని వెబ్‌సైటులో పెడితే రాత్రి పదకొండింటికి "అన్నా, క్ష వత్తు రావడంలేదు" అని ఫోన్లు మొదలవుతాయి. ఐడీ మార్చుకునే వీలు యాప్‌లోనే ఉంటుంది, నంబరు లేనిదాన్ని ఎంచుకుని దానికే క్యూఆర్ తీయండి. స్కాన్ చేసినవాళ్లకు బ్యాంకు ఖాతాలోని మీ పేరు కనబడుతుంది. ప్రాజెక్టు పేజీలో ఆ పేరే ముందుగా చెప్పి ఉంచండి, లేకపోతే "ఎవరో వేరే పేరు వస్తోంది" అని వెనక్కి తగ్గుతారు. తగ్గడమే తెలివైన పని కూడా.

మూడోది, పెట్టే చోటు. యూపీఐ లింకును నేరుగా రీడ్‌మీలో రాస్తే గిట్‌హబ్ దాన్ని నొక్కే లింకుగా చూపదు. క్యూఆర్ బొమ్మ పెట్టండి, దాని కింద ఐడీని అక్షరాల్లో రాయండి. అసలు చిక్కు ఇంకోటి: ఫోన్లో మీ పేజీ చూస్తున్న మనిషి అదే ఫోన్‌తో అదే క్యూఆర్‌ను నేరుగా స్కాన్ చేయలేడు. అందుకని సొంత వెబ్‌పేజీలో యూపీఐ యాప్‌ను నేరుగా తెరిచే బటన్ ఒకటి, కంప్యూటర్లో చూసేవాళ్లకు క్యూఆర్ ఒకటి, రెండూ ఉండాలి. బటన్ వెనక లింకులో ఐడీ, పేరు, మొత్తం, చిన్న నోటు ముందే నింపి పెట్టొచ్చు. నోటులో ప్రాజెక్టు పేరు పెడితే నెలాఖరున స్టేట్‌మెంటులో చందాలను వేరుచేయడం సులువు.

నెలనెలా ఇవ్వాలనుకునేవాళ్ల సంగతి వేరు. మామూలు వ్యక్తిగత యూపీఐతో మీరే గుర్తుచేసి అడగాలి, మనిషికీ మనిషికీ మధ్య నడిచే కలెక్ట్ రిక్వెస్టులు, అంటే యాప్‌లోనే డబ్బు అడిగే కబుర్లు, 2025 అక్టోబరు నుంచి ఆగిపోయాయి కూడా. తనంతట తానే కట్టయ్యే యూపీఐ ఆటోపే కావాలంటే రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వే తీసుకోవాలి. గేట్‌వే మామూలు రుసుం 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. 500 రూపాయలకు 11 రూపాయల 80 పైసలు పోయి 488.20 చేతికి వస్తుంది. దరఖాస్తులో వ్యాపార వర్గం దగ్గర జాగ్రత్త: "విరాళం" అని ఎంచుకుంటే చాలావరకు ట్రస్టు పత్రాలో సొసైటీ పత్రాలో అడుగుతారు. మీరు వ్యక్తిగా ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ సేవల కిందే వెళ్లాలి, పేజీలో కూడా "సాఫ్ట్‌వేర్ నిర్వహణకు మద్దతు" అనే రాయాలి. వెబ్‌సైటులో షరతులు, ప్రైవసీ, డబ్బు వాపసు, సంప్రదింపు పేజీలు లేకపోతే దరఖాస్తు తిరగ్గొడతారు.

మా సలహా: మొదటి ఏడాది గేట్‌వే వద్దు. ఏడాదికోసారి క్యూఆర్ మీద ఇమ్మని అడగండి. ముప్ఫై మంది దాటాక ఆలోచించొచ్చు.

మెట్లు: 116, 516, 1,116

"మీకు తోచినంత" అని రాస్తే జనానికి ఏమీ తోచదు. మనకు తరతరాలుగా ఉన్న మెట్లు ఉన్నాయి కదా. పెళ్లిలో చదివింపులు రాసే మనిషి ముందు నిలబడ్డవాడికి నూటపదహార్లా, ఐదొందల పదహార్లా, వెయ్యినూటపదహార్లా అన్నది ఒక్క క్షణంలో తేలిపోతుంది. అవే పెట్టండి. మధ్యలో ఉన్న 516ను ముందే ఎంచి ఉంచండి. నాలుగో గడిలో తమ ఇష్టం వచ్చిన అంకె రాసుకోనివ్వండి. విదేశీ సైట్లలో కాఫీ తాగించమని అడగడం ఒక ఆనవాయితీ. కర్నూలు ఆపరేటర్‌కు అదే మాట చెప్పాలంటే ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు అనండి, పనవుతుంది.

మెట్టుకు ప్రతిఫలంగా ఏమిస్తామన్న దగ్గర చేయి బిగించండి. పేరు చదివింపుల జాబితాలో వేయడం, కొత్త విడుదల గురించి ముందు కబురు చేయడం, అంతవరకే. "1,116 ఇస్తే మీరడిగిన ఫీచర్" అన్న మాట మాత్రం రాయొద్దు. అలా రాసిన రోజే అది చందా కాదు, చవకబేరపు కాంట్రాక్టు. వెయ్యి రూపాయలిచ్చిన పెద్దమనిషి ఫలానా పాత ఫాంటు కూడా మార్చాలని ఆర్నెల్లు వెంటపడతాడు, దానికి పట్టేది నలభై గంటలు. పేజీలో ఒక వాక్యం ఉంచండి: "ఈ సొమ్ము ప్రాజెక్టు నిర్వహణకు, ప్రత్యేకమైన పనికి విడిగా మాట్లాడుకుందాం." పేరు వేసే ముందు అడగండి. మైకులో పేరు చదివించుకోవడం అందరికీ ఇష్టం ఉండదు.

బయటి డబ్బు: గిట్‌హబ్ స్పాన్సర్స్

ప్రోగ్రామర్లు ఇవ్వాలనుకునే చోటు ఇదే. 2019లో మొదలైంది, భారతీయ ఖాతాలకు కూడా డబ్బు పంపుతుంది. వ్యక్తులు ఇచ్చే దానిలో గిట్‌హబ్ ఏమీ కోయదు. సంస్థల ఖాతాల నుంచి వచ్చే దానిలో 6 శాతం దాకా పోతుంది.

ముందు ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకోవాలి, అది లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. ప్రొఫైల్ రాయాలి, దేశం ఎంచుకోవాలి, స్ట్రైప్ అనే చెల్లింపుల సంస్థ ద్వారా బ్యాంకు వివరాలు ఇవ్వాలి. అమెరికా పౌరులూ నివాసులూ కానివాళ్లకు డబ్ల్యూ-8బెన్ అనే పన్ను పత్రం వస్తుంది, మీరు అమెరికా వాళ్లు కాదని అందులో ధ్రువీకరిస్తారు. మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరంగా, ఆధార్‌లో చివర్న. మూడూ మూడు రకాలైతే ధ్రువీకరణ ఆగుతుంది. దరఖాస్తుకు ముందే బ్యాంకుకు వెళ్లి పాన్‌లో ఉన్నట్టుగా పేరు మార్పించుకోండి, ఒక పూట పని.

తర్వాత మెట్లు. నెలవారీవి పది, ఒక్కసారివి పది దాకా పెట్టొచ్చు. ప్రచురించిన మెట్టు ధర మార్చలేరు, దాన్ని విరమించి కొత్తది పెట్టాలి. అందుకని మూడుతో మొదలుపెట్టండి: నెలకు 2, 5, 25 డాలర్లు. డబ్బు మామూలుగా నెలలో 22న బయల్దేరుతుంది.

రెపోలో, అంటే మీ కోడు ఉండే గిట్‌హబ్ పేజీలో, స్పాన్సర్ బటన్ కనబడాలంటే సెటింగ్స్‌లో ఫీచర్స్ కింద స్పాన్సర్‌షిప్స్‌కు టిక్కు పెట్టి, బటన్ అమర్చే లింకు నొక్కితే ఫండింగ్ ఫైలును గిట్‌హబ్ తానే తయారుచేస్తుంది. అది ప్రధాన శాఖలో ఉంటేనే పనిచేస్తుంది. అందులో లిబరాపే, ఓపెన్ కలెక్టివ్, కో-ఫీ లాంటి చందా సైట్లకు వరసలు ముందే ఉంటాయి. "కస్టమ్" అన్న వరుసలో మీ యూపీఐ పేజీ చిరునామా పెట్టండి, అలాంటివి నాలుగు దాకా పెట్టొచ్చు. ఇండెంటుకు ట్యాబ్ కొడితే బటన్ మాయమవుతుంది, ఖాళీలే వాడాలి.

ఈ ఫైలునూ క్యూఆర్ బొమ్మనూ ఎవరు మార్చగలరో ఇప్పుడే కట్టుదిట్టం చేయండి. అక్షరదోషాలు దిద్దినట్టు కనిపించే పుల్ రిక్వెస్టులో, అంటే బయటివాళ్లు పంపే మార్పులో, బొమ్మ ఫైలు కూడా మారి ఉంటే కంటికి తేడా తెలియదు, అన్ని క్యూఆర్‌లూ ఒకేలా ఉంటాయి. కోడ్‌ఓనర్స్ ఫైలులో ఆ రెండింటికీ మీ పేరు రాసి, మీ ఆమోదం లేకుండా కలపకుండా ప్రధాన శాఖకు రక్షణ పెట్టండి. నెలకోసారి మీరే స్కాన్ చేసి ఒక్క రూపాయి పంపి చూసుకోండి.

పేపాల్ గురించి అడుగుతారు కాబట్టి: భారత్‌లో దేశీయ చెల్లింపులు అది 2021 ఏప్రిల్‌లోనే ఆపేసింది. విదేశాల నుంచి వ్యాపారపరమైన సొమ్మే తీసుకోవచ్చు, దానికి ఆ సొమ్ము ఎందుకో చెప్పే పర్పస్ కోడు ఎంచాలి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. స్నేహితులకు పంపే తరహా చెల్లింపు మన ఖాతాలకు రాదు.

చట్టం దగ్గర ఆగి చూడాల్సిన చోటు

విదేశీయుల నుంచి ఊరికే వచ్చే సొమ్ముకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగులు విదేశీ విరాళం తీసుకోవడం నిషేధం, ప్రభుత్వ సంస్థల ఉద్యోగులకూ అంతే. ప్రభుత్వ కాలేజీలో లెక్చరరుగా ఉంటూ రాత్రిళ్లు కోడు రాసేవాళ్లు మన మూడు జిల్లాల్లో తక్కువేం కాదు. వాళ్లు స్పాన్సర్ బటన్ పెట్టేముందు తప్పకుండా తెలిసినవాళ్లను అడగాలి. పత్రికల సంపాదకులు, కాలమిస్టులకు, ఎన్నికల్లో నిలబడే అభ్యర్థులకు కూడా ఈ నిషేధం ఉంది. సంఘంగానో ట్రస్టుగానో ఏర్పడితే, రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా విదేశీ సొమ్ము ముట్టుకోకూడదు.

చేసిన పనికి వ్యాపారపరంగా వచ్చే ఫీజు ఈ చట్టం లెక్కలో విరాళం కాదు. అందుకే పేజీలో "విరాళం" అనే మాటకన్నా నిర్వహణ సేవకు మద్దతు అనే మాట, అందుకు తగ్గట్టు రికార్డు, ఇన్వాయిసు ఉండటం మేలు. మాట మార్చి ఊరుకుంటే సరిపోదు, నిజంగా ఏదో సేవ ఉండాలి. డాలస్‌లో ఉన్న మన ఊరివాడి సంగతేంటంటే, భారత పాస్‌పోర్టు ఉండి తన పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద ఉంటే విదేశీయుడే. ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరికి రెండు లెక్కలు రావొచ్చు.

ఆదాయపు పన్ను వైపు రెండు ముక్కలు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో ఊరికే వచ్చింది 50,000 దాటితే దాటిన భాగం మాత్రమే కాదు, మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. అయినా మీరు చేసిన పని వల్ల వచ్చిన డబ్బును బహుమతి అని వాదించడం కష్టం. మొదటి రూపాయి నుంచీ ఆదాయంగా చూపించి, సర్వరు, డొమైన్ బిల్లులు ఖర్చుగా తీసేయడమే నిద్ర పట్టే మార్గం. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషను బెడద మామూలుగా ఉండదు. ఇచ్చేవాళ్లు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడిగితే వ్యక్తిగా మీరు ఇవ్వలేరు, ముందే చెప్పేయండి. విదేశీ సొమ్ము పడ్డప్పుడల్లా బ్యాంకు నుంచి దానికి సంబంధించిన పత్రం తీసి ఒక ఫోల్డర్లో వేయండి. మార్చిలో సీఏ దగ్గరికి ఆ ఫోల్డరూ చందా షీటూ పట్టుకుపోతే అరగంటలో తేలుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే ప్రాజెక్టయితే ఒకరి ఖాతాలో డబ్బు పడటమే గొడవకు మొదలు. ఓపెన్ కలెక్టివ్ మీద ఓపెన్ సోర్స్ కలెక్టివ్ అనే సంస్థ ఖజానాదారుగా ఉంటుంది. డబ్బు అక్కడ ఉంటుంది, పనిచేసినవాళ్లు బిల్లు పెడితే ఇస్తారు, వచ్చిందీ పోయిందీ అందరికీ కనబడుతుంది. 10 శాతం తీసుకుంటారు. చిన్న ప్రాజెక్టుకు ఆ పది ఎక్కువే అనిపించినా, "డబ్బేమైంది" అన్న ప్రశ్న పుట్టకుండా చేయడానికి ఆ ధర తక్కువే.

ఎప్పుడు, ఎక్కడ అడగాలి

ఇన్‌స్టాల్ చేసిన నిమిషంలో అడగొద్దు, ఇంకా మీరేం చేశారని? 2019 ఆగస్టులో ఒక జావాస్క్రిప్ట్ పనిముట్టు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు టెర్మినల్లో ప్రకటన చూపించింది. ప్రోగ్రామర్లు మండిపడ్డారు, కొన్ని రోజుల్లో తీసేయాల్సి వచ్చింది. ఆ గొడవ తర్వాతే జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించుకునే ఎన్‌పీఎం తన 6.13 వెర్షన్‌లో ఫండ్ అనే ఆదేశం తెచ్చింది, అడిగినవాళ్లకే ఏ ప్యాకేజీకి డబ్బు కావాలో చూపిస్తుంది. మీది ఎన్‌పీఎం ప్యాకేజీ అయితే దాని వివరాల ఫైలులో ఫండింగ్ అనే గడి నింపండి, రెండు నిమిషాల పని.

పని అయిపోయి మనిషి తృప్తిగా ఉన్న క్షణం అడగండి. కన్వర్టర్ రెండువందలో పేజీని మార్చి ఇచ్చాక, ఫలితం కింద, దాన్ని కప్పేయకుండా:

"ఈ పనిముట్టుతో మీరు ఇప్పటికి 200 పేజీలు మార్చారు. సర్వరుకు ఏడాదికి 6,000 అవుతుంది. 516 రూపాయలు పంపితే ఒక నెల సర్వరు మీదే."

కింద మూడు బటన్లు: పంపుతాను, ఇప్పటికే ఇచ్చాను, ఇక అడగొద్దు. మూడోది నొక్కితే నిజంగానే ఏడాదిపాటు అడగకూడదు. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్లు తమ ప్లాస్మా 6.2 నుంచి ఇదే చేస్తున్నారు: ఏడాదికి ఒక్కసారి, డిసెంబరులో, ఆపేసుకునే వీలున్న ఒక నోటిఫికేషను.

కాలం కూడా చూడాలి. డీటీపీ సెంటర్లో మాఘమాసం ముహూర్తాలప్పుడు పెళ్లిపత్రికల పని ఊపిరాడనివ్వదు, గల్లాలో డబ్బు ఆడుతుంది. ఆషాఢంలో ఆపరేటర్లు ఈగలు తోలుకుంటూ ఉంటారు, అప్పుడడిగితే ఇచ్చేవాడు కూడా ముఖం చాటేస్తాడు. మీ వాడకందార్లు వేరే రకమైతే వాళ్ల పంట ఎప్పుడు చేతికొస్తుందో మీరే చూసుకోవాలి.

పుస్తకం రాయడం

ఒక స్ప్రెడ్‌షీటు చాలు: తేదీ, మొత్తం, యూపీఐ చెల్లింపుకు వచ్చే పన్నెండంకెల యూటీఆర్ నంబరులో చివరి నాలుగు, పేరు లేదా "పేరు వద్దన్నారు", దారి. రెండో షీటులో ఖర్చులు. మూడు నెలలకోసారి మొత్తాలు వెబ్‌సైటులో పెట్టండి. యూటీఆర్ చివరి అంకెలు ఉంటే పేరు చెప్పని మనిషి కూడా తన 116 చేరిందని తనే చూసుకుంటాడు. డబ్బు పడ్డ రెండు రోజుల్లో తెలుగులో రెండు వాక్యాల కృతజ్ఞత పంపండి. అందులోనే మళ్లీ అడగొద్దు.

కంపెనీలు, కాలేజీలు

వీళ్ల దగ్గర "విరాళం" అనే మాట ఎత్తితే ఫైలు కదలదు. అకౌంట్సు మనిషికి కావాల్సింది ఇన్వాయిసు. ఏడాది నిర్వహణ, నెలలో ఒక విడుదల, ఇష్యూలకు, అంటే వాళ్లు రాసి పెట్టే సమస్యలకు, మూడు పనిదినాల్లో జవాబు, ధర 25,000 అని ఒక పేజీ కొటేషను ఇవ్వండి. ఏడాదిలో వాళ్లిచ్చేది 50,000 దాటితే టీడీఎస్, అంటే పన్ను ముందే కోసుకుని ఇస్తారు. పాన్ మీద చూపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. ముప్ఫై మంది చందాదారులను వెతకడానికి పట్టే శ్రమతో పోలిస్తే ఇలాంటి ఒక్క కొటేషను ఎక్కువ తెస్తుంది. సిగ్గుపడి చాలామంది అసలు పంపనే పంపరు.

మన దేశంలోనే పెద్ద నిధి కూడా ఒకటుంది. షేర్ల బ్రోకరేజి సంస్థ జెరోధా 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ఫ్లాస్ ఫండ్ ఏడాదికి పది లక్షల డాలర్లు పక్కన పెడుతుంది, ఒక్కో ప్రాజెక్టుకు 10,000 నుంచి 1,00,000 డాలర్లు. దరఖాస్తుగా ఫండింగ్ జేసన్ అనే ఫైలును మీ సైటులోనో రెపోలోనో పెట్టాలి: మీరెవరు, ప్రాజెక్టులేమిటి, డబ్బు ఏ దారుల్లో తీసుకుంటారు, ఎంత కావాలి, గతంలో ఎంత వచ్చింది. మొదట చెప్పిన కాగితం లెక్క ఉన్నవాళ్లకు ఇది అరగంట పని, లేనివాళ్లకు ఎప్పటికీ అవ్వదు.

మీరే ఇచ్చేవైపు ఉంటే

విదేశీ ప్రాజెక్టుకు నెలనెలా ఇవ్వాలని భారతీయ కార్డు పెడితే మొదటి నెల పోయి రెండో నెల ఆగడం మామూలే. 2021 అక్టోబరు నుంచి కార్డు మీద మళ్లీమళ్లీ కట్టయ్యే చెల్లింపులకు ముందస్తు అనుమతి, ఒకరోజు ముందు కబురు ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. దానికి తగ్గట్టు ఏర్పాటు లేని విదేశీ సైట్ల చెల్లింపులు తిరిగొస్తాయి. ఏడాదికి ఇవ్వాల్సింది ఒకేసారి ఇచ్చేయండి. ఆ ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ వాడకం ఆన్ చేయాలి, అయ్యాక ఆపేయాలి. బ్యాంకు మారకపు రుసుం మీద పడుతుంది కాబట్టి రెండేసి డాలర్లు పన్నెండుసార్లు పంపడంకన్నా ఇదే చవక.

ఆపేసే రోజు

ప్రాజెక్టు వదిలేస్తున్నప్పుడు రెపోను ఆర్కైవ్ చేయడానికి, అంటే చదవడానికి మాత్రమే ఉండేలా తాళం వేయడానికి ముందే డబ్బు దారులు మూయాలి. ఆర్కైవ్ చేశాక ఫండింగ్ ఫైలు మార్చలేరు, క్యూఆర్ అలాగే వేలాడుతుంది. ముందు గిట్‌హబ్ మెట్లు విరమించండి. గేట్‌వేలో ఆటోపేలు రద్దు చేయండి. క్యూఆర్ బొమ్మ స్థానంలో "చందాలు తీసుకోవడం ఆపేశాం" అన్న బొమ్మ అదే ఫైలు పేరుతో పెట్టండి, వేరే సైట్లు ఎత్తి చూపుతున్న చోట కూడా మారిపోతుంది. మిగిలిన సొమ్ము ఎంతో, దాన్ని ఎక్కడికి పంపారో షీటు చివరి వరసలో రాయండి. ఆ ఏడాది చందా ఇచ్చినవాళ్లు అడిగితే వాపసు ఇవ్వండి, అడిగేది ఒకరో ఇద్దరో. ఇవన్నీ అయ్యాక ఆర్కైవ్ బటన్ నొక్కండి.